రెండు వేళ్ల తెర

ఆ వేసవి మొదట్లో మా అక్క బార్చిన్ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడలేదంటే సైగ చెయ్యలేదని. నాలుగో ఏట జ్వరం వచ్చి అక్కకు వినికిడి పోయింది. కోపం వచ్చినప్పుడు చేతులు రెండూ నడుముకు కట్టుకున్న శాలువాలోకి దోపేసుకుని తిరుగుతుంది. అలా దోపుకుందంటే ఇంట్లో ఎవరం ఏం చెప్పినా లాభం లేదు.

తప్పు నాదే.

గొర్రెలను తోలుకుని కొండ మీది పచ్చిక బయళ్లకు చేరి అప్పటికి వారమైంది. ఉన్ని గుడారం వేసుకున్నాం, ఆడగుర్రాల పాలు పితకడం మొదలుపెట్టాం. అమ్మ మాతో లేదు. రెండేళ్లుగా రష్యాలో, యెకాతెరిన్‌బర్గ్ ఊళ్లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో పని చేస్తోంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసేది. గుడారం దగ్గర సిగ్నల్ అందదు. దానికోసం వెనకనున్న జీను గుట్ట ఎక్కాలి. ఆదివారం వస్తే మా ఇంటిల్లిపాదీ ఊరేగింపులా ఆ గుట్ట ఎక్కేవాళ్లం. ముందు గుర్రం మీద నానమ్మ, దాని కళ్లెం పట్టుకుని నాన్న, వెనక నేనూ అక్కా.

ముందుగా ఫోను నానమ్మకు. యెకాతెరిన్‌బర్గ్ అవతలి గుట్ట మీదే ఉన్నట్టు అరిచి మాట్లాడేది. తర్వాత నాన్న. ఎలా ఉన్నావు, బాగున్నాను, గొర్రెలు బాగున్నాయి, అంతే ఆయన మాటలు. చివర నేను. ఆ ఆదివారం అమ్మ నాకు పెద్ద కథే చెప్పింది. క్యాంటీన్ తనిఖీకి పై అధికారి వస్తే, కంగారులో పళ్లరసంలో చక్కెరకు బదులు ఉప్పు కలిపి ఇచ్చిందట. ఆయన గ్లాసు మొత్తం తాగి, మూతి తుడుచుకుని, ఇంకో గ్లాసు అడిగాడట. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. కళ్లమ్మట నీళ్లు కారాయి. లైను తెగిపోయింది.

అక్క నా భుజం తట్టింది. ఏమంది అని సైగ చేసింది.

"అమ్మ బాగుంది," అన్నాను చేతులతో.

అక్క మణికట్టు గడియారం చూసుకుంది. "పదకొండు నిమిషాలు. నేలమీద దొర్లినంత పని చేశావు. నాకు రెండు మాటలా?"

"సాయంత్రం చెప్తానక్కా. గొర్రెలు ఆ పక్కకి పోతున్నాయి చూడు."

"ఈ ఇంట్లో నాకన్నీ సాయంత్రమే," అంది అక్క. చేతులు శాలువాలోకి వెళ్లిపోయాయి.

నాలుగో రోజు పొద్దున్న టీ దగ్గర ఆ చేతులు బయటికి వచ్చాయి. ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"పట్నంలో నా బడి స్నేహితురాళ్లు కంప్యూటర్లో ఒకరికొకరు రాసుకుంటున్నారు. ఇటు రాస్తే అటు వెంటనే కనపడుతుందట. దీంట్లో కూడా వస్తుందట. నువ్వు నాకది చేసిపెట్టు."

"ఏమంటోంది?" అని అడిగింది నానమ్మ.

"అమ్మతో రాసి మాట్లాడుతుందట."

"రాస్తే మాటెలా అవుతుంది. ఉత్తరమవుతుంది," అంది నానమ్మ, నా గిన్నెలో టీ పోస్తూ.

మామూలు మెసేజీలు మేం ఎప్పుడో పంపి చూశాం. దేశం దాటేసరికి ఒకటి వారానికి చేరేది, ఒకటి చేరేదే కాదు. చేరినది సగంలో తెగి ఉండేది. ఇప్పుడు అక్క అడుగుతున్నది వేరు. నేను రాజధాని బిష్కెక్‌లో ఏడాది కాలేజీ చదివాను, నెట్ గదుల్లో కూర్చున్నాను కాబట్టి ఇంటిల్లిపాది లెక్కలో ఇలాంటివన్నీ నాకు తెలుసు. నాకు తెలిసింది ఎంతో నాకే తెలుసు.

అమ్మ పంపిన ఆ ఫోను నా అరచేతిలో సగానికి మించదు. తెర రెండు వేళ్ల వెడల్పు. చాట్ చేసే ప్రోగ్రాం ఎక్కించబోతే చోటు లేదంది. నాన్న ఫొటోలు రెండుంటే అవి తీసేశాను. అయినా చోటు లేదంది. ఇక మిగిలింది ఒకటే దారి. ఏమీ ఎక్కించకుండా, నెట్‌లో నేరుగా పేజీ తెరిచి చాట్ చెయ్యడం. అలాంటి పేజీలు చాలా ఉన్నాయని విన్నాను. ఉండటం వేరు, మా ఫోనులో పట్టడం వేరు.

మొదటి పేజీ తెరవడానికి గుట్ట మీద నేనూ అక్కా అరగంట కూర్చున్నాం. తెరుచుకుంది. తెర నిండా ఏదో నీలం రంగు. కిందికి నొక్కితే ఇంకా నీలం. అది బొమ్మలోని అమ్మాయి వేసుకున్న గౌను అని ఇరవైసార్లు నొక్కాక తెలిసింది. రాసే గడి దాకా చేరాలంటే నలభై ఏడుసార్లు నొక్కాలి. అక్క ఓపిగ్గా నలభై ఏడూ నొక్కింది, పేరు రాసింది, పంపింది. పేజీ మళ్లీ మొదటికి వచ్చింది. మళ్లీ గౌను.

అక్క నా వైపు చూసి, "ఈవిడ ఎప్పుడు పక్కకి జరుగుతుంది?" అంది.

బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ పెట్టుకోవాలంటే రోడ్డు దాకా దిగాలి. అక్కడ తుర్దాలి మాస్టారు తేనెపెట్టెలు పెట్టుకుని, చక్రాల బండిలో కాపురముంటారు. ఒకప్పుడు మా బళ్లో ఫిజిక్స్ చెప్పేవారు. రిటైరయ్యాక వేసవంతా తేనెటీగలు, దారిన పోయే లారీ డ్రైవర్లు, అదే ఆయన లోకం. బండి కింద రెండు కారు బ్యాటరీలు ఉండేవి. చుట్టుపక్కల గుడారాల ఫోనులన్నీ వాటికి వేలాడుతుండేవి.

అక్కా నేనూ ఒకే గుర్రం మీద దిగి వెళ్లాం. సంగతి విని మాస్టారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"సేయిల్, నువ్వు పెద్ద బండిని మేకల దారిలో పట్టించాలని చూస్తున్నావు. నీ ఫోనుకు కావలసింది బక్కపల్చటి పేజీ. బొమ్మల్లేనిది, రంగుల్లేనిది."

"అలాంటిది ఎక్కడుంటుంది మాస్టారూ?"

"ఉంటుంది. డ్రైవర్లందరి దగ్గరా ఇలాంటి ఫోనులే. వాళ్లు ఇళ్లవాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో అడుగుదాం." చిన్న నోటుబుక్కు తీశారు. ఏ పెట్టెలో రాణీగ కొత్తది, ఏ పెట్టెకు చీమలు పట్టాయి అని రాసుకున్న పేజీల మధ్య, దొరికిన చాట్ పేజీల అడ్రసులు రాయడం మొదలుపెట్టారు. అక్క ఆయన చేతిలో పెన్సిలు తీసుకుని తన అరచేతి మీద కూడా ఒకటి రాసుకుంది.

జూన్ నెలంతా అలాగే గడిచింది. రెండు రోజులకోసారి దిగడం, కొత్త అడ్రసు తెచ్చుకోవడం, గుట్ట ఎక్కి తెరవడం. ఒక పేజీ బాగానే తెరుచుకునేది, మనం రాస్తుండగానే బయటికి తోసేసేది. రాసినదంతా పోయేది. ఒకటి, మీ ఫోను పాతది, కొత్తది కొనుక్కుని రండి అని మర్యాదగా చెప్పేది. ఇంకొకటి తెరుచుకోగానే ఎవరో కుర్రాళ్లు ఎక్కడి నుంచి, వయసెంత అని అడగడం మొదలుపెట్టారు. అక్క "డెబ్భై నాలుగు, నడుం నొప్పి" అని జవాబు రాసి మూసేసింది.

అవతలి పక్క ఏర్పాటు మాత్రం సులువుగానే అయింది. ఆదివారం ఫోన్లో అమ్మకు చెప్పాను. క్యాంటీన్ సామాన్ల గదిలో కంప్యూటర్ ఉందట. ఆ గది చూసుకునే జినా అనే ఆవిడ అప్పటికే దాంట్లో చెల్లెలితో చాట్ చేస్తుందట. మూడింటికి వంటపాత్రలు కడగడం అయిపోయాక అరగంట కూర్చోనిస్తానందట.

"నాకు కీబోర్డు రాదే," అంది అమ్మ భయంగా.

"అక్కకి కూడా రాదు. ఇద్దరూ మెల్లిగా రాసుకోండి."

"దానికేం రాయాలే నేను?"

అమ్మకు సైగలు రావు. అక్కను ఏడో ఏట పట్నంలో వినపడని పిల్లల బళ్లో వేశారు. సెలవులకు వచ్చినప్పుడల్లా సైగలు నేర్చుకున్నది నేను. మిగిలినవాళ్లకు తిను, పడుకో, రా, వద్దు, ఇంతే వచ్చు. అమ్మకీ అక్కకీ మధ్య ఎప్పుడూ నేనే. ఇన్నేళ్లూ నేను ఏం చెబితే అదే వాళ్ల మాట.

జూన్ చివర్లో ఒక పేజీ దొరికింది. చిన్నది, తేలిగ్గా తెరుచుకుంది, రాసింది అవతలికి వెళ్లింది. మూడు దాటాక అవతలి నుంచి అమ్మ జవాబు వచ్చింది. అక్షరాల బదులు అన్నీ ప్రశ్న గుర్తులు. మా లిపి ఆ పేజీకి తెలియదు. నేను ఉసూరుమన్నాను. అక్క మాత్రం వేలు పెట్టి లెక్కపెట్టింది. అయిదు, ఖాళీ, మూడు, ఖాళీ, తొమ్మిది.

ఆ సాయంత్రం గుర్రప్పాలు కుమిస్‌గా పులిసే తోలుసంచిని కర్రతో చిలుకుతూ చిలుకుతూ హఠాత్తుగా ఆగింది. కర్ర వదిలేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"కిజిమ్. సెన్. కందయ్‌సిన్," అని వేళ్లతో ఒక్కో అక్షరం కట్టి చూపించింది. నా తల్లీ, నువ్వెలా ఉన్నావు. అయిదు, మూడు, తొమ్మిది.

"వేరే మాటలు కూడా కావచ్చుగా అక్కా."

"కావచ్చు. కానీ అమ్మ ఇంకేం రాస్తుంది?" అంది. వెళ్లి మళ్లీ కర్ర అందుకుంది. ఆ రోజు కుమిస్ మామూలు కన్నా పుల్లగా వచ్చింది. ఎంతసేపు చిలికిందో ఆమెకే తెలియలేదు.

జూలై మొదటి వారంలో మాస్టారు తానే గుర్రమెక్కి మా గుడారానికి వచ్చారు. తేనెటీగలను వదిలి ఆయన అంత దూరం రావడం ఎప్పుడూ లేదు. నానమ్మ కంగారుగా బోర్సోక్ పిండి ముక్కలు వేయించడానికి నూనె పెట్టింది.

"ఏం జరిగింది మాస్టారూ?"

"ఏం జరగలేదు. ఓష్ ఊరి నుంచి ఉల్లిపాయల లోడుతో వచ్చినవాడొకడు పెళ్లాంతో చాట్ చేస్తూ కనిపించాడు. వాడి ఫోను మీదానికన్నా చిన్నది. అద్దం కూడా పగిలింది." నోటుబుక్కు తెరిచి అక్క ముందు పెట్టారు. ఒకే లైను, మొత్తం పదమూడు అక్షరాలు. "మన భాషలో అక్షరాలన్నీ కనిపిస్తాయా అని అడిగాను. చూపించాడు. పెళ్లాం వాణ్ణి తిట్టిన తిట్లు నేను చదవగలిగాను."

నూనె కాగేలోపే అక్క గుర్రానికి జీను వేసేసింది.

ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. తెల్లగా, ఏమీ లేకుండా, ఉతికి ఆరేసిన గుడ్డలా ఉండేది. పేరుకు ఒక గడి, పాస్‌వర్డ్‌కు ఒక గడి. లోపలికి వెళితే రాయడానికి ఒక గడి, కింద 'పంపు' అని ఒక మాట. కొత్త మెసేజీలు చూడాలంటే సున్నా నొక్కాలి. అడుగున చిన్న అక్షరాలతో 'నెమ్మది ఫోనులవాళ్ల కోసం' అని ఉంది. ఎవరు తయారుచేశారో, ఏ ఊరివాళ్లో తెలియదు. ఎవరైనా సరే, మాలాంటివాళ్లు ఉంటారని తెలిసినవాళ్లు.

గడియారంలో మూడూ అయిదు. జినా చాట్‌లో అమ్మకు పెట్టిన పేరు రాసి, అక్క 'నేను బార్చిన్' అని పంపింది. సున్నా నొక్కింది. ఏమీ లేదు. సున్నా. ఏమీ లేదు. గాలికి నానమ్మ తలగుడ్డ ఎగురుతోంది. అవును, నానమ్మ కూడా నూనె దించేసి వచ్చేసింది. నాన్న, మాస్టారు కూడా. అందరం రెండు వేళ్ల తెర మీదికి వంగాం.

సున్నా.

'కిజిమ్, సెన్ కందయ్‌సిన్.'

అక్షరం అక్షరం నిండుగా ఉంది. అక్క తలెత్తి నా వైపు చూసిన చూపు, చెప్పానా లేదా అన్నట్టుంది.

అక్క గొంతులోంచి నవ్వు వచ్చింది. ఆమె నవ్వు బొంగురుగా, విరిగి విరిగి వస్తుంది. బయటివాళ్ల ముందు నవ్వదు. ఆ రోజు మాస్టారి ముందే నవ్వింది. తర్వాత మా అందరికీ వీపు చూపించి, ఫోను గుండెలకు దగ్గరగా పట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"ఏం రాస్తోంది?" అని నానమ్మ నన్ను పొడిచింది.

"కనపడటం లేదు."

ఆ ఫోనులో రష్యన్ అక్షరాలు ఉన్నాయి గానీ, మా భాషకే ఉన్న మూడక్షరాలు లేవు. చదవడానికి కనిపిస్తాయి, రాయడానికి లేవు. వాటి బదులు దగ్గరగా ఉన్నది వాడుకోవాలి. దాంతో ఒక తమాషా జరిగింది. మా భాషలో గొంతుకూ పిండికీ ఆ మూడింట్లో ఒక్క అక్షరమే తేడా. అక్క ఏం రాసిందంటే, 'నీ గొంతు ఎలా ఉండేదో మరిచిపోయాను' అని. అమ్మకు అది 'నీ పిండి ఎలా ఉండేదో మరిచిపోయాను' అని చేరింది.

సున్నా నొక్కితే అమ్మ జవాబు. 'పిండి చెక్కపెట్టెలో అడుగున ఉంది. పురుగు పట్టకుండా ఉప్పు మూట వేశాను. మీ నానమ్మకు తెలుసు.'

అక్క మొదట బిక్కమొహం వేసింది. ఆ తర్వాత ఆ ఫోను తెచ్చి నాకు చూపించింది. ఇద్దరం గడ్డిలో కూలబడి నవ్వాం. అక్క మళ్లీ రాసింది. 'పిండి కాదమ్మా. నన్ను పడుకోబెడుతూ పాడేదానివి కదా, అది.'

అక్క సున్నా నొక్కి నొక్కి, బొటనవేలి మీద ఊదుకుంది, మళ్లీ నొక్కింది.

'నీకు గుర్తుందా' అని వచ్చింది.

'లేదు. ఎలా ఉండేదో చెప్పు.'

'బొంగురు గొంతు. దూడ అరిచినట్టుందని మీ నానమ్మ అనేది. నువ్వు మాత్రం పడుకునేదానివి.'

ఆ లైను నేను గట్టిగా చదివి వినిపించాను. నానమ్మ దూరంగా కొండల వైపు చూస్తూ, "నేనెప్పుడన్నాను," అంది.

ఇక ఆ రోజు నుంచి మా ఇంట్లో లోకం తలకిందులైంది. అమ్మ ఫోన్ చేసేది వారానికోసారి. అక్క చాట్ మాత్రం ఆదివారం తప్ప రోజూ మూడింటికి. అమ్మ గురించి ఏం తెలుసుకోవాలన్నా ఇప్పుడు అక్కనే అడగాలి. రెండున్నర అయ్యేసరికి పని ఎక్కడున్నది అక్కడ వదిలేసి గుర్రమెక్కేది. నాలుగింటికి దిగివచ్చేది. గుడారంలో అడుగుపెట్టగానే అందరం ఆమె చేతుల వైపు చూసేవాళ్లం. చేతులు కదిలేవి కావు. ముందు టీ కావాలి. టీలోకి మీగడ కావాలి.

"దీని పొగరు చూడు," అనేది నానమ్మ, గిన్నె నిండా మీగడ వేస్తూ.

అక్క తాపీగా తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు మొదలుపెట్టేది. జినా పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. అమ్మ మంచం పక్క కిటికీలోంచి రైళ్లు కనిపిస్తాయి. అమ్మ ఒక్క వేలితో కాదు, ఇప్పుడు నాలుగు వేళ్లతో రాస్తోంది. మాకు రెండేళ్లుగా తెలియని సంగతులు. మేమెప్పుడూ అడగని సంగతులు. నేను పక్కన కూర్చుని ఒక్క ముక్క వదలకుండా నానమ్మకీ నాన్నకీ నోటితో చెప్పేదాన్ని. మధ్యలో ఎక్కడైనా కురచ చేస్తే అక్క నా పెదాలు చూసి పట్టేసేది. "నేను చెప్పింది అంతకన్నా పొడుగు," అని మోకాలి మీద కొట్టేది.

జూలై చివర్లో ఒకరోజు గొర్రెలు తోలుకుని గుట్ట పక్కగా పోతుంటే, పైన అక్క ఒక్కతే కూర్చుని పడీపడీ నవ్వుతోంది. నాకు ఆగలేదు. గుట్టెక్కి, ఆయాసపడుతూ, "ఏమంది? ఏమంది అమ్మ?" అని అడిగాను.

అక్క ఫోను జేబులో వేసుకుంది. నా కళ్లలోకి చూస్తూ, ఎంతో నెమ్మదిగా, "అమ్మ బాగుంది," అంది.

నేను గొర్రెల దగ్గరికి దిగిపోయాను. సగం దిగాక వెనక నుంచి ఎండు పెరుగు ఉండ ఒకటి వచ్చి నా వీపున తగిలింది. తిరిగి చూస్తే అక్క పక్కన చోటు చూపిస్తూ రమ్మంటోంది. ఆ రోజు నాకు మొత్తం చెప్పింది. జినా కొత్తగా పెట్టించుకున్న పళ్లసెట్టు పిండి ముద్దలో పడిపోవడం, ఇద్దరూ కలిసి నూటయాభై మంతీ కుడుములు విప్పి వెతకడం. చెబుతూ చెబుతూ పళ్లసెట్టులా నోరు పెట్టింది. గొర్రెలు ఎటు పోయాయో నేను చూడలేదు.

ఆగస్టులో పొద్దున్నే గడ్డి మీద మంచు పడటం మొదలైంది. ఒక సాయంత్రం టీ దగ్గర అక్క తన గిన్నె తాకకుండా కూర్చుంది. మీగడ అడగలేదు. నాన్న వైపు తిరిగి, ఆయన తనను చూసేదాకా ఆగి, అప్పుడు చేతులు కదిపింది.

"అమ్మ సెప్టెంబరులో వచ్చేస్తోంది," అని నేను నోటితో చెప్పాను. చెప్పాక నాకు అర్థమైంది.

నాన్న రొట్టె తుంచడం ఆపారు. "వచ్చేదేంటి. ఇంకో రెండేళ్లు ఉంటానంది. కొత్త ఇంటికి పైకప్పు వెయ్యాలి కదా. మొన్న ఆదివారం కూడా నాతో అదే అంది."

అక్క ఆయన పెదాలు చదివింది. "మీరేం అడిగారు?"

"ఏం అడుగుతాను. ఎలా ఉన్నావని."

"నేను వేరేది అడిగాను."

"ఏమడిగిందట?" అన్నారు నాన్న నాతో. ఎప్పుడూ అంతే, ఆయన అక్కతో మాట్లాడాల్సింది నాతో మాట్లాడేవారు.

అక్క చేతులు మెల్లిగా కదిలాయి. నేను ఏమీ కలపలేదు, ఏమీ తగ్గించలేదు.

"నీకు అక్కడ ఉండాలనుందా అని అడిగాను."

నానమ్మ తన గిన్నెలోకి చూసుకుంటోంది. నాన్న రొట్టె ముక్క పళ్లెంలో పెట్టి, గుర్రాన్ని చూసి వస్తానని బయటికి వెళ్లారు. గుర్రం అక్కడే, గుమ్మానికి నాలుగడుగుల్లో ఉంది. ఆయన చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. వచ్చి, నా పక్కన కాక అక్కకు ఎదురుగా కూర్చున్నారు. దీపం తన ముఖం దగ్గరికి జరుపుకున్నారు. అది ఆయన పెదాలు కనిపించడానికని నాకు కాసేపటికి తట్టింది.

"సెప్టెంబరులో ఎప్పుడు?" అని అడిగారు, అక్కనే.

ఆదివారం గుట్ట మీద నాన్న ఫోను అందుకున్నారు. ఎలా ఉన్నావని అడగలేదు.

"వస్తున్నావటగా," అన్నారు.

అవతల అమ్మ ఏమందో మాకు వినిపించలేదు.

"ఆ, బార్చిన్ చెప్పింది... పైకప్పు సంగతి నాకొదిలెయ్. ఈ చలికాలం పాత ఇంట్లోనే ఉందాం. అందులో మనకేం తక్కువైంది?" కాసేపు విన్నారు. "లేదు, కోపం ఎందుకు. నేనే అడగాల్సింది. నాకు తోచలేదు." ఇంకాసేపు విన్నారు. చివరికి గొర్రెలు బాగున్నాయని కూడా చెప్పారు.

ఆ తర్వాతి మూడు వారాలు అక్క గుట్ట మీద వింతగా కనిపించేది. కాస్త రాస్తుంది, ఫోను ఒళ్లో పెట్టుకుని తన చేతిని తానే పరీక్షగా చూసుకుంటుంది, మళ్లీ రాస్తుంది. ఏంటని అడిగితే ఫోను నాకిచ్చింది.

'రొట్టె అంటే ఎడమ అరచెయ్యి పైకి పెట్టు. కుడి చెయ్యి కత్తి అనుకో. రెండుసార్లు కొయ్యి.'

'కోశాను. జినా నవ్వుతోంది.'

'ఇల్లు అంటే రెండు చేతుల వేళ్ల కొసలూ కలుపు. కప్పులాగ.'

'బొటనవేళ్లు ఎక్కడ పెట్టాలి.'

"అమ్మే అడిగింది," అంది అక్క. "రోజుకు ఆరు చెప్తున్నాను. గిన్నెలు కడిగే చోట అద్దం ఉందట. దాని ముందు నిలబడి చేస్తోందట."

"రాసి చెబితే వస్తాయా అక్కా సైగలు?"

"సగం తప్పే వస్తాయి," అంది అక్క. "రానీ."

సెప్టెంబరు రెండో వారంలో గుడారం విప్పి, సామానంతా లారీకెక్కించి, మందను తోలుకుని రోడ్డు దాకా దిగాం. అమ్మ వచ్చే వ్యాను ఆ దారినే రావాలి. తుర్దాలి మాస్టారు కూడా తేనెపెట్టెలు సర్దుకుంటున్నారు. గొర్రెలు రోడ్డంతా పరుచుకున్నాయి. వ్యాను దూరం నుంచే హారన్ కొట్టుకుంటూ, మంద మధ్య చిక్కుకుని, చివరికి ఆగిపోయింది.

అమ్మ దిగింది. కాస్త చిక్కింది, తలగుడ్డ కొత్తది. గుర్రం మీద నుంచి నానమ్మ చేతులు చాచింది. అమ్మ ఆవిడను ముద్దు పెట్టుకుంది, నాన్న చెయ్యి పట్టుకుంది, నన్ను గట్టిగా కావలించుకుంది. తర్వాత సంచి రోడ్డు మీద పెట్టి, చేతులు రెండూ గౌనుకు తుడుచుకుని, అక్క ఎదురుగా నిలబడింది. ఆ చేతులు సోడా నీళ్లకు పగిలి ఉన్నాయి. పరీక్షలో పిల్లలా పెదాలు కదుపుతూ, ఒక్కొక్కటే సైగ చేసింది.

నేను వచ్చాను. ఇక ఉడకను.

నాకు నవ్వాగలేదు. వెళ్లను అనబోయింది, క్యాంటీన్ మాట వచ్చేసింది. అక్క నవ్వలేదు. ముందుకు వచ్చి అమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. మడిచిన వేళ్లలో రెండింటిని తెరిచి, కిందికి తిప్పి, అవి నడిచి వెళ్తున్నట్టు కదిపి చూపించింది. అమ్మ చేసింది. అక్క తల అడ్డంగా ఊపింది. అమ్మ మళ్లీ చేసింది. ఈసారి సరిగా వచ్చింది. అక్క ఏదో అడిగింది. అమ్మ జవాబు చెప్పింది. మధ్యలో తడుముకుని, గాలిలో అక్షరాలు రాసి, మళ్లీ సైగల్లోకి వచ్చింది.

వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. గొర్రెలు కదల్లేదు, వాళ్లిద్దరూ కదల్లేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ రోడ్డు పక్కకి జరిగి, మాకు వీపులు పెట్టి నిలబడ్డారు.

నానమ్మ గుర్రం మీద నుంచి వంగి నా భుజం పొడిచింది. "ఏమనుకుంటున్నారే?"

"చేతులు కనపడటం లేదు నానమ్మా," అన్నాను. "అటు తిరిగి మాట్లాడుకుంటున్నారు."